ఇంజన్ బోరుకొచ్చిందా? మార్చే ముందు కొలవండి

పాత కారు ఇంజన్ పోయిందంటే చాలు, సలహాలకి మాత్రం కొదవుండదు. "ఒకసారి విప్పిన ఇంజన్‌కి మళ్లీ ఆ బిగువు రాదు, సెకండ్స్ ఇంజన్ తెచ్చి పెట్టేయ్" అని ఒకరు. "కంపెనీ నుంచి వచ్చిన ఇంజన్‌ని వదులుకోవద్దు, బోరింగ్ చేయించుకో" అని ఇంకొకరు. "ఆ డబ్బు డౌన్ పేమెంట్ కట్టేసి కొత్తది తీసుకో, జీఎస్టీ కూడా తగ్గింది కదా" అని మూడో ఆయన. గమ్మత్తేంటంటే, ఈ ముగ్గురిలో ఒక్కరు కూడా ఆ ఇంజన్ లోపల ఏముందో చూసి మాట్లాడరు.

గాడ్జెట్ల సైట్లో కారు ఇంజన్ గోలేంటి అనుకోకండి. మదర్‌బోర్డ్ పోయిన ఫోన్ చేతిలో పట్టుకుని సర్వీస్ సెంటర్లో నిలబడినప్పుడు మీకొచ్చే డౌట్ కూడా ఇదే. ఉన్నదాన్ని బాగు చేయించాలా? ఎవరో వాడిన బోర్డ్ వేయించాలా? లేక కొత్త ఫోనే కొనాలా? తేడా అల్లా, ఇక్కడ పందెం పదివేలు కాదు, అరవై డెబ్బై వేలు. పైగా ఆ బండి మీద ఇంట్లో ఒక మనిషి ఆధారపడి ఉంటే లెక్క ఇంకా మారిపోతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. బ్లాక్ బాగుంటే, కొత్త పార్టులు దొరుకుతుంటే, కొలిచి కాగితం మీద రాసిచ్చే లేత్ షాపు అందుబాటులో ఉంటే, మీ ఇంజన్‌నే రీబిల్డ్ చేయించుకోండి. ఈ మూడిట్లో ఏ ఒక్కటి లేకపోయినా వద్దు. ఈ మూడూ తేలాలంటే మాత్రం ముందు కొలవాలి. కొలవకుండా తీసుకునే ఏ నిర్ణయమైనా లాటరీ టికెట్ లాంటిదే.

బండి కథ ఇదీ

మా చిన్నాయన వాళ్లది ఆళ్లగడ్డ. 2013 చివర్లో కొన్న 1.2 లీటర్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ వాళ్ల దగ్గరుంది. రీడింగ్ 1,94,000 కి.మీ. ఏ కంపెనీ బండో చెప్పను. అన్ని కిలోమీటర్లు తిరిగాక ఇంజన్ అరిగిందంటే అది కంపెనీకి అంటగట్టాల్సిన విషయం కాదు.

ఆ కారుకి ఒక డ్యూటీ ఉంది. మా జేజికి వారానికి రెండుసార్లు నంద్యాలలో డయాలసిస్. ఆళ్లగడ్డ నుంచి సిరివెళ్ల మీదుగా 40వ నంబర్ జాతీయ రహదారి మీద నలభై పైచిలుకు కిలోమీటర్లు. బస్సులు లేక కాదు. నాలుగు గంటలు మిషన్ మీద ఉండి లేచిన ముసలామెని, బయట నలభై నాలుగు డిగ్రీల ఎండలో బస్టాండ్ దాకా నడిపించలేం కాబట్టి.

ఈ ఎండాకాలం ఆ బండి మొరాయించడం మొదలుపెట్టింది. ఐడిల్‌లో వణుకు, పికప్ లేదు, పొద్దున స్టార్ట్ చేస్తే నీలం పొగ. వెయ్యి కిలోమీటర్లకి దగ్గర దగ్గర లీటరు ఆయిల్ తాగేస్తోంది. డ్యాష్‌బోర్డ్ మీద చెక్ ఇంజన్ లైటు ఆరట్లేదు.

నంద్యాలలో మూడు చోట్ల అడిగితే మూడు రేట్లు వచ్చాయి. సర్వీస్ సెంటర్లో కొత్త ఇంజన్ అసెంబ్లీకి 1,45,000, ఫిట్టింగ్ వేరే. ఒక షెడ్డులో సెకండ్స్ ఇంజన్ తెప్పించి, బిగించి ఇవ్వడానికి అన్నీ కలిపి 55,000, నాలుగు రోజులు. మాకు పాతికేళ్లుగా తెలిసిన మెకానిక్ భాయ్ దగ్గర ఫుల్ ఇంజన్ పనికి 62,400, పద్దెనిమిది రోజులు.

"ఏందబ్బీ ఇది, నాలుగు రోజుల్లో అయిపోయేదానికి పద్దెనిమిది రోజులు ఆగాల్నా? పైగా దుడ్లు కూడా ఎక్కువే" అన్నాడు చిన్నాయన. న్యాయమైన ప్రశ్నే. అందుకే ఎవరి మాటా వినకుండా ముందు కొలుద్దాం అన్నా.

మూడు గాడ్జెట్లు, ఒక మధ్యాహ్నం

ఇంజన్ విప్పకుండానే సగం విషయం తెలుసుకోవచ్చు. దానికి కావాల్సినవి మూడే: బ్లూటూత్ ఓబీడీ డాంగిల్, ఫోన్‌కి తగిలించే యూఎస్‌బీ-సీ ఎండోస్కోప్ కెమెరా, కంప్రెషన్ గేజ్. మూడూ కలిపి మాకు 2,700 అయ్యాయి.

ముందు డాంగిల్. మన దేశంలో కార్లకి 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2 తప్పనిసరి అయింది. అంతకు ముందు బండ్లలో కొన్నిట్లో పనిచేస్తుంది, కొన్నిట్లో సగమే డేటా వస్తుంది. ఈఎల్ఎం327 పేరుతో చౌకగా అమ్మేవాటిలో చాలావరకు క్లోన్లే, కాబట్టి మీ బండితో కనెక్ట్ కాకపోతే వెనక్కిచ్చే వీలున్న చోట కొనండి. మా బండిలో కోడ్ వెంటనే వచ్చింది: పీ0303. అంటే మూడో సిలిండర్లో మిస్‌ఫైర్. గుర్తుపెట్టుకోండి, డాంగిల్ చెప్పేది ఎక్కడ అనేది మాత్రమే. ఎందుకు అనేది చెప్పదు. మూడో ప్లగ్గు, కాయిల్ తీసి రెండో సిలిండర్లో వేసి చూశాం. కోడ్ మారలేదు, మళ్లీ మూడే. అంటే కరెంటు సమస్య కాదు.

తర్వాత కంప్రెషన్ టెస్ట్. ఇంజన్ వేడిగా ఉండాలి, బ్యాటరీ ఫుల్‌గా ఉండాలి. ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి, కాయిల్ కనెక్టర్లు ఊడదీసి, నాలుగు ప్లగ్గులూ విప్పెయ్యాలి. గేజ్ బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని, ఐదారు తిప్పుళ్లు తిరిగేలా సెల్ఫ్ కొట్టాలి. మా నంబర్లు ఇవీ: 172, 168, 121, 165 పీఎస్ఐ.

బాగున్న పెట్రోల్ ఇంజన్‌లో నాలుగూ ఒకదానికొకటి దగ్గర్లో ఉండాలి. పది పదిహేను శాతం మించి తేడా ఉందంటే అక్కడేదో జరిగినట్టే. ఇప్పుడు అసలు ట్రిక్కు. తక్కువ వచ్చిన సిలిండర్లో ప్లగ్గు రంధ్రం నుంచి ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. ఆయిల్ రింగుల చుట్టూ చేరి సందుని కాసేపు మూసేస్తుంది. నంబర్ పెరిగితే రింగులో, బోరో అరిగినట్టు. పెరక్కపోతే వాల్వులో, హెడ్ గ్యాస్కెట్టో అనుమానించాలి. మా మూడో సిలిండర్ 121 నుంచి 154కి పెరిగింది. అంటే రింగులు లేదా బోరు.

చివరగా కెమెరా. ప్లగ్గు రంధ్రంలోంచి పంపితే మిగతా మూడు సిలిండర్ల గోడల మీద కంపెనీ హోనింగ్ గీతలు, ఆ అడ్డగీతల అల్లిక, ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. మూడో దాంట్లో నిలువుగా రెండు చారలు. ఆ ఫొటో చూపించగానే మెకానిక్ భాయ్ అన్న మాట: "రింగు పట్టేసింది అబ్బీ. మిగతావి బాగుండాయి."

మూడు రేట్లు చెప్పిన మూడు చోట్లా ఈ పని ఎవరూ చెయ్యలేదు. వాళ్లని తప్పుపట్టడం లేదు, ఎవరి పద్ధతి వాళ్లది. కానీ మీ డబ్బుతో తీసుకునే నిర్ణయానికి మీ దగ్గర నంబర్లు ఉండాలి. ఫోన్ కొనేముందు బెంచ్‌మార్క్ స్కోర్లు, బ్యాటరీ టెస్టులు నాలుగైదు వీడియోల్లో చూసే మనం, అంతకు మూడింతల ఖర్చుకి మాత్రం "ఆయన చెప్పాడు" అని సరిపెట్టుకోవడం నాకు నచ్చదు.

సెకండ్స్ ఇంజన్ నిజంగా చవకేనా?

ఇప్పుడు డబ్బు లెక్క. రీబిల్డ్‌కి భాయ్ ఇచ్చిన చీటీ ఇలా ఉంది:

- పిస్టన్లు, రింగులు: 13,500
- మెయిన్, బిగ్ ఎండ్ బేరింగులు: 4,200
- గ్యాస్కెట్ కిట్, ఆయిల్ సీళ్లు: 5,300
- టైమింగ్ చైన్ కిట్: 7,800
- ఆయిల్ పంపు, వాటర్ పంపు: 6,100
- లేత్ పని (బోరింగ్, హోనింగ్, హెడ్ ఫేసింగ్, వాల్వ్ సీటింగ్): 9,000
- ఆయిల్, ఫిల్టర్లు, కూలంట్, హోసులు: 4,500
- కూలీ: 12,000

మొత్తం 62,400. బండి లేని పద్దెనిమిది రోజుల్లో జేజికి ఐదు ట్రిప్పులు. మాట్లాడుకున్న కారుకి ట్రిప్పు 1,600 చొప్పున 8,000. అంటే అసలు ఖర్చు 70,400.

సెకండ్స్ ఇంజన్‌కి ఇంజన్ 38,000, లారీ ఖర్చు 3,000, ఫిట్టింగ్ 9,000, ఆయిల్, కూలంట్ వగైరా 5,000. మొత్తం 55,000. నాలుగు రోజుల్లో ఒకే ట్రిప్పు కాబట్టి ఇంకో 1,600. అంటే 56,600. తేడా 13,800.

ఇక్కడే ఆగిపోతే సెకండ్స్ గెలిచినట్టే. చాలామంది ఇక్కడే ఆగుతారు. కానీ వచ్చే ఆ ఇంజన్ ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో తెలియదు. ఆయిల్ ఎప్పుడెప్పుడు మార్చారో తెలియదు. ఒకసారి వేడెక్కి హెడ్ వంగిందో లేదో తెలియదు. అలాంటిదాన్ని జేజి ప్రయాణానికి నమ్మాలంటే, బిగించే ముందే కనీసం ఆయిల్ సీళ్లు, గ్యాస్కెట్లు, టైమింగ్ చైన్ కొత్తవి వెయ్యాలి. ఇంజన్ కింద ఉన్నప్పుడు వేస్తే సులువు, బిగించాక మళ్లీ దింపాలంటే రెండో కూలీ. అవి 5,300, 7,800. కలిపితే 13,100. తేడాలో మిగిలింది 700 రూపాయలు. పంపులు కూడా మారిస్తే అది కూడా పోయి, సెకండ్స్ ఇంజనే ఖరీదవుతుంది. ఇంత చేసినా లోపలి రింగులు, బేరింగులు మాత్రం పాతవే.

బాక్సు, బిల్లు లేని సెకండ్ హ్యాండ్ ఫోన్ కొన్నట్టే ఇది. రేటు చూస్తే చవకే. హిస్టరీ లేకపోవడం వల్ల పడే ఖర్చు తర్వాత తెలుస్తుంది. మన పాత ఇంజన్ అరిగిపోయి ఉండొచ్చు, కానీ దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ మనకి తెలుసు.

ఇంకో విషయం, కుర్రాళ్లు అస్సలు పట్టించుకోనిది. ఇంజన్ నంబర్ ఆర్‌సీ మీద, ఇన్సూరెన్స్ మీద ఉంటుంది. ఇంజన్ మారిస్తే ఆ మార్పుని రవాణా శాఖ దగ్గర ఆర్‌సీలో ఎక్కించుకోవాలి, ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పాలి. ఆ తెచ్చిన ఇంజన్ ఏ బండిదో, దానికి కాగితాలు ఉన్నాయో లేదో చూడకుండా బిగించారంటే, రేపు యాక్సిడెంట్ క్లెయిమ్ దగ్గరో, బండి అమ్మేటప్పుడో దొరికిపోతారు. రీబిల్డ్‌లో బ్లాక్ మనదే కాబట్టి నంబర్ మారదు, ఈ తలనొప్పే లేదు.

"సగం ధర దాటితే అమ్మెయ్" రూల్

చాలామంది చెప్పే లెక్క ఇంకోటుంది. రిపేర్ ఖర్చు బండి అమ్మకం ధరలో సగం దాటితే బండి వదిలించుకోమంటారు. వినడానికి బాగుంటుంది. కానీ ఆ రూల్ పోల్చేది తప్పుదాన్ని. మనం బండి అమ్మడానికి బాగు చేయించడం లేదు, నడపడానికి బాగు చేయిస్తున్నాం. కాబట్టి చూడాల్సింది బండి అమ్మితే ఎంతొస్తుందని కాదు, ఇదే పని ఇదే నమ్మకంతో చేసే ఇంకో బండికి ఎంతవుతుందని.

2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది, నిజమే. అంతకు ముందు 28 శాతం, దానిపైన సెస్సు ఉండేది. అయినా ఐదు లక్షల లోను, 9 శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకుంటే ఈఎంఐ నెలకి 10,400 దాకా వస్తుంది. మా రీబిల్డ్ మొత్తం సరిగ్గా ఆరు ఈఎంఐలు. కొత్త కారు కొంటే ఆ తర్వాత ఇంకా 54 ఉంటాయి. అన్నట్టు, అదే రోజు విడిభాగాల మీద కూడా జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది. ఆ సంగతి ఎవరూ చెప్పరు.

ఇంకోలా చూద్దాం. రీబిల్డ్ చేసిన ఇంజన్ 80,000 కి.మీ. తిరిగితే చాలు అనుకుందాం. కిలోమీటర్‌కి 78 పైసలు. లీటరు 110, మైలేజ్ 16 అనుకుంటే పెట్రోల్ ఖర్చే కిలోమీటర్‌కి 6.90 దాకా అవుతుంది. అంటే ఇంజన్ పని ఖర్చు పెట్రోల్ ఖర్చులో దాదాపు తొమ్మిదో వంతు. ఇలా చూస్తే 62,400 అనే నంబర్ అంత భయపెట్టదు.

సెకండ్ హ్యాండ్ కారు మాటేంటి అంటారా? మూడు లక్షలు పెట్టినా దాని ఇంజన్ ఎలా ఉందో మనకి తెలియదు. మళ్లీ మొదటి ప్రశ్నకే వచ్చాం.

రీబిల్డ్ ఎప్పుడు వద్దు?

ఇదంతా చదివి ప్రతి పాత ఇంజన్‌కీ రీబిల్డే మందు అనుకోవద్దు. ఈ కింది వాటిలో ఏ ఒక్కటున్నా నేను వద్దనే అంటా.

బ్లాక్‌కి పగులుంటే, రాడ్ విరిగి బ్లాక్‌ని కొట్టుంటే, అది బోరింగ్‌తో పోయేది కాదు. బండి వరదలో మునిగుంటే ఇంజన్ బాగైనా వైరింగ్ వదలదు. ఫ్లోర్, ఛాసిస్ తుప్పు పట్టుంటే, కొత్త ఇంజన్ పెట్టడమంటే చెదపట్టిన దూలానికి రంగు వేసినట్టే.

నాలుగోది ముఖ్యం. కొన్ని కొత్త ఇంజన్లకి కంపెనీలు ఓవర్‌సైజ్ పిస్టన్లే ఇవ్వవు. ఇది అర్థం కావాలంటే ఆళ్లగడ్డ వీధుల్లో శిల్పులు పనిచేసే చోట కాసేపు నిలబడండి. రాయి నుంచి లేచిన పెచ్చు మళ్లీ అతకదు, అందుకే ఉలి పెట్టేముందే కొలుస్తారు. బోరింగ్ కూడా అంతే. సిలిండర్ గోడ నుంచి గీకిన లోహం తిరిగి రాదు. గీకిన మేరకి లావు పిస్టన్ ఉండాలి. సాధారణంగా 0.25, 0.50 మిల్లీమీటర్ల చొప్పున సైజులు ఉంటాయి. మా ఇంజన్‌కి రెండూ దొరికాయి కాబట్టి 0.25తో సరిపెట్టాం, ఇంకో ఛాన్స్ మిగిలే ఉంది. పిస్టన్ దొరక్కపోతే స్లీవ్ వేసే దారి ఉంది గానీ, దానికి లేత్ పనివాడి చెయ్యి గొప్పగా ఉండాలి. అలాంటప్పుడు నేను సెకండ్స్ వైపే మొగ్గుతా.

ఆ సెకండ్స్ ఇంజన్ అయినా చూసి తెచ్చుకోవాలి. ఏ బండి నుంచి తీశారో ఆ ఆర్‌సీ కాపీ అడగండి. విప్పకముందు కోల్డ్ స్టార్ట్ వీడియో అడగండి. కంప్రెషన్ నంబర్లు మీ ముందే తీయమనండి. చెన్నై పుదుపేట అయినా, విజయవాడ ఆటోనగర్ అయినా, నిఖార్సైన సరుకు అమ్మేవాళ్లు వీటికి వెనకాడరు.

ఎక్కువ అమ్ముడైన ఇంజన్ అయితే ఈ వెతుకులాట సులువు. ఫియట్ 1.3 మల్టీజెట్ డీజిల్ చూడండి, 1248 సీసీ. మారుతి స్విఫ్ట్ నుంచి టాటా ఇండికా విస్టా దాకా ఎన్నో బండ్లలో ఒకటే ఇంజన్. "నేషనల్ ఇంజన్" అని ముద్దుపేరు కూడా పెట్టారు. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 వచ్చాక మన కొత్త కార్లలోంచి పోయింది. అయినా అన్ని బండ్లు రోడ్ల మీద ఉన్నాయి కాబట్టి పార్టులకి, తెలిసిన మెకానిక్‌లకి లోటు లేదు. బాగా అమ్ముడైన ఫోన్‌కి కంపెనీ అప్‌డేట్లు ఆపేసినా కస్టమ్ రామ్‌లు వస్తూనే ఉంటాయి చూడండి, ఇదీ అలాంటిదే. అరుదైన ఇంజన్ ఎంత మంచిదైనా పదేళ్ల తర్వాత అనాథే.

షెడ్డుకి తెలిసింది, షెడ్డుకి దొరకనిది

రాయలసీమ అనగానే సినిమావాళ్లు టాటా సుమోలు లేపుతారు. వాళ్ల లేపుడు సంగతి వదిలేయండి, నంద్యాల చుట్టుపక్కల ఒక తరం మెకానిక్‌లు పని నేర్చుకున్నది నిజంగానే ఆ బండ్ల మీద. 1994లో వచ్చి 2019లో ఆగిపోయిన సుమో, దాని మొదటి రోజుల్లో కంప్యూటర్ గొడవ లేని డీజిల్ బండి. చెవితో విని, చేత్తో తడిమి జబ్బు చెప్పగలిగిన కాలం అది. ఆ నైపుణ్యం మన ఊళ్లలో ఇంకా ఉంది. అది చిన్న ఆస్తి కాదు.

కానీ కొత్త ఇంజన్లకి చెవి ఒక్కటే చాలదు. ఏ బోల్టు ఎంత టార్క్‌తో బిగించాలి, ఆ తర్వాత ఇంకెన్ని డిగ్రీలు తిప్పాలి, ఏ బోల్టు ఒకసారి విప్పితే పారెయ్యాలి, బోరు ఎంత అరిగేదాకా పర్వాలేదు, ఇవన్నీ సర్వీస్ మాన్యువల్లో ఉంటాయి. ఆ మాన్యువల్ షెడ్డుకి చేరదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్ 24న రైట్ టు రిపేర్ పోర్టల్ మొదలుపెట్టింది. ఫోన్లు, గృహోపకరణాలు, వ్యవసాయ పరికరాలతో పాటు వాహనాలు కూడా అందులో ఉన్నాయి. మంచి మొదలే. కానీ పోర్టల్‌లో కస్టమర్ కేర్ నంబర్, వారంటీ వివరాలు ఉంటే సరిపోదు. ఈ ఇంజన్‌కి ఓవర్‌సైజ్ పిస్టన్ ఉందా లేదా, బోరు లిమిట్ ఎంత అనే రెండు విషయాలు బండి కొనేముందే కస్టమర్‌కి తెలియాలి. ఫోన్‌కి ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారో అడిగి కొంటున్నాం కదా, కారుకి ఎందుకు అడగం?

లేత్ షాపు దగ్గర మేము పెట్టిన కండిషన్ ఒకటే: బోరింగ్‌కి ముందు, తర్వాత నాలుగు సిలిండర్ల కొలతలు కాగితం మీద రాసివ్వాలి. పైన, మధ్యలో, కింద. అటు ఒకసారి, ఇటు ఒకసారి. ఆయన మొదట నవ్వాడు. తర్వాత రాసిచ్చాడు. ఆ చీటీ ఇప్పుడు ఆర్‌సీతో పాటే గ్లవ్ బాక్స్‌లో ఉంది.

ఇంకో పని తప్పకుండా చేయించండి: జబ్బుకి కారణం వెతకండి. మా బండి రేడియేటర్ రెక్కల మధ్య దుమ్ము, గడ్డి గట్టిపడిపోయాయి, ఫ్యాన్ రెండో స్పీడు పనిచెయ్యట్లేదు. ఎండాకాలంలో ఏసీ వేసుకుని అలా తిరిగితే మధ్య సిలిండర్లు వేడెక్కుతాయి. దాన్ని అలాగే వదిలేసి కొత్త పిస్టన్లు వేసినా, సెకండ్స్ ఇంజన్ పెట్టినా, మళ్లీ ఇదే కథ. పాడైన ఛార్జర్ మార్చకుండా ఫోన్‌కి కొత్త బ్యాటరీ వేయించుకున్నట్టు. పనిలో పనిగా పెట్రోల్ వెళ్లే రబ్బర్ హోసులు కూడా మార్పించాం. 2023 ఏప్రిల్‌కి ముందు తయారైన బండ్లన్నీ ఈ20 పెట్రోల్‌ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. ఇప్పుడు బంకుల్లో దొరికేది మాత్రం అదే.

ఇంజన్ ఎక్కించి, రన్నింగ్-ఇన్ అయ్యి, మొదటి ఆయిల్ మార్చాక మళ్లీ గేజ్ పెట్టాం: 181, 179, 182, 178. ఆయిల్ డిప్‌స్టిక్ మీద గీత కదల్లేదు. పద్దెనిమిది అన్న రోజులు ఇరవై ఒకటి అయ్యాయి, అంటే ఇంకో ట్రిప్పు, ఇంకో 1,600. చిన్నాయన దాని గురించి ఇప్పటికీ అంటూనే ఉంటాడు. ఆయన అనడంలో న్యాయముంది, టైము కూడా ఖర్చే. మీ ఇంట్లో బండి లేకుండా మూడు వారాలు గడిచే దారే లేకపోతే, పేపర్లున్న సెకండ్స్ ఇంజన్ తెచ్చుకోవడం తప్పు కాదు. కాకపోతే ఆ సౌకర్యానికి ఎంత కడుతున్నారో తెలిసి కట్టండి.

ఆర్‌సీ సంగతి కూడా లెక్కలో వేసుకోండి. కారు ఆర్‌సీ 15 ఏళ్లు, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. ఆ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000కి పెరిగింది. ఢిల్లీలో ఉన్న పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోల్ రూలు మనకి లేదు. మా బండికి 2028లో రెన్యువల్ వస్తుంది. ఇంజన్ పని దానికి ఇంకో ఐదేళ్లయినా ఇవ్వాలి, అందుకే చేయించాం. మీ బండికి పద్నాలుగో ఏడు నడుస్తూ, బాడీ కూడా వదులైపోయుంటే నా సలహా వేరేగా ఉంటుంది.

రేపు మీకొచ్చే ప్రశ్న

మీలో చాలామంది కొనబోయే మొదటి కారు ఎలక్ట్రిక్ కావచ్చు. దానికి బోరింగ్ ఉండదు, రింగులు ఉండవు. కానీ ఏదో ఒక రోజు సర్వీస్ సెంటర్లో "బ్యాటరీ ప్యాక్ మొత్తం మార్చాలి" అని ఒక పెద్ద నంబర్ చెప్తారు. అప్పుడూ అడగాల్సింది ఇదే: ఏ మాడ్యూల్ పోయింది? మిగతా వాటి హెల్త్ ఎంత? ఆ ఒక్కటి మార్చొచ్చా? మార్చలేకపోతే ఎందుకు మార్చలేం? నంబర్ లేకుండా వచ్చే జవాబుని జవాబుగా తీసుకోకండి. కొత్తది కొనాలా, పాతది బాగు చేయించాలా అనే మాట ఆ తర్వాతే.